మహేంద్రతనయ వంతెన దగ్గర ఆగిపోతున్న చిన్న పరిశ్రమ

సంపాదకులు గారికి,

అయ్యా,

కేంద్ర బడ్జెట్ తయారయ్యే ముందు వ్యాపార, పరిశ్రమల సంఘాల నుంచి సూచనలు తీసుకోవడం ఆనవాయితీ. ఒడిశాలోని మా పర్లాకిమిడి వర్తకులు తమ వినతిపత్రాన్ని భువనేశ్వర్‌కు పంపుతారు. మహేంద్రతనయ నది అవతల, ఆటోలో పది నిమిషాల దూరంలో ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న పాతపట్నం వర్తకులు తమది అమరావతికి పంపుతారు. రెండు కాగితాల్లోనూ ఉండే ఇబ్బందులు చాలావరకు ఒకటే. అయినా ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివే బల్ల ఈ దేశంలో ఎక్కడా లేదు. ఇరవై రెండేళ్లుగా పర్లాకిమిడిలో ఇనుప బీరువాలు, కిటికీ గ్రిల్స్, షట్టర్లు చేసే చిన్న కార్ఖానా నడుపుతున్నాను. ఆ లోటు నా పనిలోనూ నా పనివాళ్ల బతుకుల్లోనూ ఏ రూపంలో కనబడుతోందో మీ పత్రిక ద్వారా చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ప్రాంతం తెలియని పాఠకుల కోసం ఒక మాట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. పట్టణం ఒడిశాకు వచ్చింది, పాతపట్నం, టెక్కలి వైపు గ్రామాలు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయాయి. గీత మాత్రం పటం మీదే పడింది. నౌపడా నుంచి 1900లో మా ఊరికి వచ్చిన రైలు ఆ గీతను పట్టించుకోకుండా ఈనాటికీ టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, గుణుపురం మీదుగానే నడుస్తోంది. సంబంధాలు అటూ ఇటూ కలుపుకుంటాం, సంతలు అటూ ఇటూ చేస్తాం, కూలికి అటూ ఇటూ వెళతాం. గజపతి జిల్లాలో తెలుగు, ఒడియా, సవర భాషలు ఒకే కొట్టు ముందు వినబడతాయి. రెండు రాష్ట్రాల మధ్య కోటియా గ్రామాల వివాదం పత్రికలకెక్కినప్పుడు తప్ప మా సరిహద్దు ఎవరికీ గుర్తు రాదు. మాకు మాత్రం అది రోజూ, బిల్లు పుస్తకం తెరిచిన ప్రతిసారీ ఎదురవుతుంది.

బిల్లు పుస్తకం మాట ఊరికే అనలేదు. మా వైపు పెళ్లి సారెలో బీరువా తప్పనిసరి. మాఘమాసం, వైశాఖమాసం ముహూర్తాలకు ముందు నెలన్నర రోజులు మా కొట్టులో ఊపిరాడదు. నాలుగేళ్ల క్రితం వరకు నేను జీఎస్టీలో కాంపోజిషన్ పద్ధతిలో ఉండేవాడిని. ఏడాదికి కోటిన్నర రూపాయల లోపు వ్యాపారం చేసే తయారీదారు తన అమ్మకాల మీద 1 శాతం పన్ను కట్టి, కొనుగోలుదారు దగ్గర విడిగా పన్ను వసూలు చేయకుండా, మూడు నెలలకొకసారి చలానా, ఏడాదికొక రిటర్ను దాఖలు చేస్తే సరిపోయే వెసులుబాటు అది. చదువుకున్న గుమాస్తాను పెట్టుకునే స్తోమత లేని మాలాంటి వాళ్ల కోసమే దాన్ని తెచ్చారు. అయితే దానికి ఒక షరతు ఉంది. కాంపోజిషన్‌లో ఉన్నవారు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు.

ఒకసారి పాతపట్నం నుంచి ఒక పెద్దమనిషి కూతురి పెళ్లికి బీరువా ఎంచుకున్నారు. తాళానికి గ్యారంటీ ఉంటుంది కనుక బిల్లు తన పేరున, తన చిరునామాతో కావాలన్నారు. న్యాయమైన కోరిక. కానీ ఆ బిల్లు మీద పాతపట్నం అని రాసిన క్షణాన అది అంతర్రాష్ట్ర సరఫరా అవుతుంది, నా కాంపోజిషన్ అర్హత పోతుంది. పక్కనున్నవాళ్లు ఇక్కడే ఉన్న చుట్టాల చిరునామా రాసెయ్యమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆయన కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, టెక్కలి వెళ్లి కొనుక్కున్నారు. పాతపట్నంలో చిన్న కొట్టు తెరిచి అక్కడ వేరే రిజిస్ట్రేషన్ తీసుకుంటే సరిపోతుందేమోనని విచారించాను. నా సొంత కొట్టుకు నేను సరుకు పంపుకున్నా చట్టం దృష్టిలో అదీ అంతర్రాష్ట్ర సరఫరాయేనని తెలిసింది. చివరికి ఆ ఏడాది ఆఖరున కాంపోజిషన్ వదులుకుని మామూలు పద్ధతిలోకి మారాను.

మారడం వల్ల ఏమైందో ఒక బీరువా లెక్కతో చెబుతాను. రేకు, తాళం, హ్యాండిల్, పెయింటు కలిపి పన్ను కాక 10,000 రూపాయలు అనుకుందాం. వాటి మీద 18 శాతం పన్ను 1,800. కూలి, కరెంటు, అద్దె, నా మిగులు కలిపి 6,000. కాంపోజిషన్‌లో ఉన్నప్పుడు ఆ 1,800 నాకు తిరిగి రాదు కనుక అదీ ఖర్చులోకి చేరి, 1 శాతం కూడా కలిసి బీరువా ధర దాదాపు 17,980 అవుతుంది. మామూలు పద్ధతిలో 16,000 మీద 18 శాతం వేసి 18,880కి అమ్మాలి. ఒక్క బీరువాకు 900 రూపాయల తేడా. ఈ తేడా పాతపట్నం వాళ్లతో ఆగదు, మా వీధిలోవాళ్లకూ అదే ధర. కాంపోజిషన్‌లోనే ఉన్న మా వీధి చివరి కొట్టువారు అదే బీరువాను 900 తక్కువకు ఇవ్వగలుగుతారు. అంటే, నది అవతల పది బీరువాలు చట్టబద్ధంగా అమ్ముకోవాలన్న కోరికకు, నది ఇవతల అమ్మే వంద బీరువాల మీద నేను మూల్యం చెల్లిస్తున్నాను. భువనేశ్వర్ నడిబొడ్డున ఉన్న నాలాంటి తయారీదారుకు ఈ చిక్కు లేదు. అతనికి నాలుగు వైపులా ఒడిశాయే. మాకు సగం దిక్కులే ఒడిశా.

ఈ నిబంధన వెనక కారణం లేకపోలేదని నాకు తెలుసు. జీఎస్టీ అనేది సరుకు వాడుకునే రాష్ట్రానికి చెందే పన్ను. కాంపోజిషన్‌లో కట్టే 1 శాతంలో సగం కేంద్రానికి, సగం సరుకు తయారైన రాష్ట్రానికి పోతుంది. నా బీరువా పాతపట్నం చేరితే ఆంధ్రప్రదేశ్‌కు రావలసినది రాదు. అందుకని గుమ్మం మూసేశారు. అయితే ఇదే చట్టంలో ఇంకొన్ని గుమ్మాలు తెరిచే ఉన్నాయి. ప్రభుత్వం జాబితాగా ప్రకటించిన చేతివృత్తుల వస్తువులు తయారుచేసేవారు నిర్ణీత పరిమితి వరకు రిజిస్ట్రేషన్ లేకుండానే వేరే రాష్ట్రానికి అమ్ముకోవచ్చు. ఏడాదికి 20 లక్షల లోపు ఆదాయం ఉన్న సేవాదారులు రాష్ట్రం దాటి సేవ అందించినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అదే దయను సరిహద్దు జిల్లాల కాంపోజిషన్ తయారీదారులకూ చూపించమని మా కోరిక. పొరుగు రాష్ట్రపు ఆనుకుని ఉన్న జిల్లాలో ఏడాదికి 20 లక్షలకు మించకుండా అమ్ముకోవడానికి అనుమతించి, ఆ అమ్మకాల మీది రాష్ట్ర వాటాను అవతలి రాష్ట్రానికి జమ చేస్తే ఎవరికీ నష్టం ఉండదు. రాష్ట్రాల మధ్య పన్ను సర్దుబాటు చేసే ఏర్పాటు ఇప్పటికే ఉంది. ఒడిశా, ఆంధ్ర ఆర్థిక మంత్రులిద్దరూ జీఎస్టీ మండలిలో సభ్యులే. మండలి ఓట్లలో మూడింట రెండు వంతుల బరువు రాష్ట్రాలదే. ఈ మాట అక్కడ ఎత్తవలసింది వాళ్లిద్దరే.

ఇక పనివాళ్ల సంగతి. నా దగ్గర పదమూడు మంది పనిచేస్తున్నారు. ఎనిమిది మంది ఇటువాళ్లు, ఐదుగురు పాతపట్నం, మెళియాపుట్టి వైపు నుంచి సైకిళ్ల మీద, ఆటోల్లో వచ్చేవాళ్లు. కేంద్ర ప్రభుత్వం 2025 ఆగస్టు 1 నుంచి ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజనను అమలు చేస్తోంది. 2027 జూలై 31 వరకు కల్పించే ఉద్యోగాలకు అది వర్తిస్తుంది, దానికి 99,446 కోట్ల రూపాయలు కేటాయించారు. తొలిసారి ఉద్యోగంలో చేరినవారికి రెండు విడతల్లో 15,000 రూపాయల వరకు, అదనంగా ఉద్యోగులను చేర్చుకున్న యజమానికి ఒక్కొక్కరి మీద జీతాన్ని బట్టి నెలకు 3,000 వరకు రెండేళ్లపాటు, తయారీ రంగంలో నాలుగేళ్లపాటు ఇస్తారు. ఇంత పెద్ద మొత్తాన్ని ఉపాధి కోసం కేటాయించడం మంచి పని, సంతోషించాను.

కానీ ఈ పథకం మొత్తం ఉద్యోగుల భవిష్య నిధి (ఈపీఎఫ్) ఖాతాల మీదుగా నడుస్తుంది, ఈపీఎఫ్ తప్పనిసరి అయ్యేది ఇరవై మంది ఉన్న సంస్థకు. పదమూడు మంది ఉన్న నేను ఆ గడపకు ఇవతలే ఉన్నాను. స్వచ్ఛందంగా చేరవచ్చని సలహా ఇచ్చారు. సగటు జీతం 14,000 అనుకుంటే, ఉన్న పదమూడు మందికీ యజమాని వాటా 10 శాతం చొప్పున నెలకు 18,200 రూపాయలు నేను కొత్తగా భరించాలి. కొత్తగా ఇద్దరిని చేర్చుకుంటే వారి మీద వచ్చే ప్రోత్సాహకం నెలకు 4,000 దాటదు. నన్ను అపార్థం చేసుకోవద్దు. పీఎఫ్ ప్రతి పనివాడికీ ఉండవలసిందే. పద్దెనిమిదేళ్లు నా దగ్గర రంగు వేసిన మనిషి చూపు తగ్గి ఇంటికి వెళ్లిపోయిన రోజున అతని చేతిలో పెట్టడానికి నా సొంత డబ్బు తప్ప మరేమీ లేకపోయింది. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. మేము కోరుతున్నది మినహాయింపు కాదు. ఇరవై మంది లోపు ఉన్న తయారీ యూనిట్లు స్వచ్ఛందంగా ఈపీఎఫ్‌లో చేరితే, మొదటి మూడు నాలుగేళ్లు యజమాని వాటాలో కొంత భాగాన్ని ఈ పథకం నిధుల నుంచే భరించమంటున్నాం. కొత్త ఉద్యోగానికిచ్చే సొమ్ములో కొంత, ఉన్న ఉద్యోగాన్ని సరైన ఉద్యోగంగా మార్చడానికి వెచ్చిస్తే తప్పేమిటి?

ప్రభుత్వం చిన్నదనడానికి పెట్టుకున్న కొలత కూడా మాకు సరిపడదు. 2025 ఏప్రిల్ 1 నుంచి రెండున్నర కోట్ల పెట్టుబడి, పది కోట్ల టర్నోవరు వరకు సూక్ష్మ పరిశ్రమే. తొమ్మిది కోట్ల వ్యాపారం చేసేవారూ, తొంభై లక్షలు చేసే నేనూ ఒకే అరలో ఉన్నాం. సూక్ష్మ పరిశ్రమల పేరుతో సంప్రదింపులకు పిలుపు వచ్చినప్పుడు రాజధాని వరకు వెళ్లి, రెండు రోజులు పని మానుకుని మాట్లాడగలిగేది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. 2025 జనవరిలో భువనేశ్వర్‌లో ఉత్కర్ష్ ఒడిశా పెట్టుబడుల సదస్సు, అదే ఏడాది నవంబరులో విశాఖపట్నంలో భాగస్వామ్య సదస్సు జరిగాయి. పెద్ద పెట్టుబడులు రావాలి, మా పిల్లలకు అవీ అవసరమే. ఆ వేదికల మీద మాకు చోటు కావాలని అడగడం లేదు. జిల్లా స్థాయిలో, నది రెండు ఒడ్డులవారినీ కూర్చోబెట్టే ఒక చిన్న గది చాలు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌ల (కొత్త కార్మిక చట్టాల) గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే వాటి నియమాలు మా వరకు ఎలా చేరతాయో ఇంకా చూడవలసి ఉంది. సొంతంగా వేరే రాష్ట్రం నుంచి వచ్చి పనిలో చేరిన కార్మికుడిని కూడా అంతర్రాష్ట్ర వలస కార్మికుడిగా గుర్తించడం మాత్రం వాటిలో మంచి విషయం. సూరత్ మగ్గాలకు, చెన్నై భవనాలకు వెళ్లే మా గంజాం, గజపతి, శ్రీకాకుళం పిల్లలకు అది రక్షణ కావాలి. అయితే, పొద్దున ఎనిమిదింటికి సైకిలు మీద వంతెన దాటి వచ్చి, సాయంత్రం పిల్లలకు బిస్కెట్లు కొనుక్కుని ఇంటికి వెళ్లే మనిషిని, సూరత్ వెళ్లినవాడిని ఒకే రిజిస్టరులో రాసే పద్ధతి రాకుండా నియమాలు రాసేవారు జాగ్రత్తపడాలి.

నైపుణ్య శిక్షణ విషయంలో మాకు కలిగిన అనుభవం చెప్పక తప్పదు. నా దగ్గర పదకొండేళ్లుగా వెల్డింగ్ చేస్తున్న యువకుడు ఒకడున్నాడు. పాతపట్నం పక్క ఊరివాడు, తెలుగు మాధ్యమంలో ఏడో తరగతి వరకు చదివాడు. రేకు అంచు మీద బొటనవేలు ఆనించి జరిపితే చాలు, అది 20 గేజో 22 గేజో చెప్పేస్తాడు. బీరువా తలుపు బిగించాక వేలితో తట్టి, మూడో మడత బందు దగ్గర అతుకు సరిగా పడలేదని, చూడకుండానే అంటాడు. విప్పి చూస్తే అలాగే ఉంటుంది. అనుభవంతో నేర్చుకున్న పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే కార్యక్రమం కింద నిరుడు ఒక శిక్షణ కేంద్రానికి అతన్ని పంపాను. ప్రాక్టికల్‌లో అతని పని చూసి మెచ్చుకున్నారట. రాత పరీక్ష మాత్రం ట్యాబ్‌లో ఒడియా, హిందీ, ఇంగ్లీషుల్లోనే ఉంది. తెలుగులో ఇవ్వమని అడిగితే వీలుకాదన్నారు. తోచిన జవాబులు నొక్కి, తప్పి, తిరిగి వచ్చాడు. రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

పిల్లలకు, జనానికి వాళ్లు మాట్లాడే భాషలోనే చదువు అందాలని జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి గారు దశాబ్దాల పాటు పాఠాలు చెప్పిన ఊరు మాది. సవరల కోసం సవర భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు తయారుచేసినవారు ఆయన. అటువంటి ఊళ్లో, చేతిలో పని ఉన్న కార్మికుడు కేవలం లిపి తెలియక తప్పాడంటే మనసు కలుక్కుమంటుంది. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఈ పరీక్షలను తెలుగులోనూ, కుదిరితే సవరలో చదివి వినిపించే పద్ధతిలోనూ జరపడానికి కొత్త చట్టం ఏమీ అక్కర్లేదు. ప్రశ్నల నిధిని అనువదిస్తే చాలు. ఇదే న్యాయం పాతపట్నం, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాత్రమే చదవగలిగిన పనివాళ్లకు కూడా దక్కాలి.

స్థానికుడు అంటే ఎవరు అనే ప్రశ్న కూడా మమ్మల్ని కలవరపెడుతోంది. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ 2019లో చట్టం చేసింది. హర్యానా చేసిన అటువంటి చట్టాన్ని పంజాబ్, హర్యానా హైకోర్టు 2023 నవంబరులో కొట్టివేసింది. న్యాయస్థానాల్లో తేలవలసిన విషయాల మీద నేను తీర్పు చెప్పను. నాకు తోచింది ఒక్కటే. టెక్కలి గ్రానైట్ యూనిట్‌లో పనికి వెళ్లే పర్లాకిమిడి యువకుడు ఆ చట్టం లెక్కలో బయటివాడు, రాయలసీమ నుంచి వచ్చినవాడు స్థానికుడు. ఏ రాష్ట్రమైనా ఇటువంటి నిబంధన పెట్టదలిస్తే, సరిహద్దును ఆనుకుని ఉన్న పొరుగు జిల్లావారిని కూడా స్థానికులుగా లెక్కించాలని మేము ఇద్దరు ముఖ్యమంత్రులకూ విన్నవిస్తున్నాం.

ఇవన్నీ ఎక్కడ చెప్పుకోవాలని వెతికినప్పుడు నాకు ఒక విచిత్రమైన విషయం తెలిసింది. 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం కింద జోనల్ మండళ్లు ఏర్పడ్డాయి. ఆర్థిక, సామాజిక ప్రణాళికల్లో ఉమ్మడి విషయాలు, సరిహద్దు వివాదాలు, భాషా అల్పసంఖ్యాకుల సమస్యలు, అంతర్రాష్ట్ర రవాణా చర్చించడం వాటి పని. అంటే మా గోడు మొత్తం వాటి పరిధిలోదే. కానీ ఒడిశా తూర్పు మండలిలో బీహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్‌లతో కూర్చుంటుంది. ఆంధ్రప్రదేశ్ దక్షిణ మండలిలో తమిళనాడు, కర్ణాటక, కేరళ, తెలంగాణలతో కూర్చుంటుంది. ఇంత పొడవైన ఉమ్మడి సరిహద్దు ఉన్న రెండు రాష్ట్రాలు ఏ మండలిలోనూ ఎదురెదురుగా కూర్చోవు. వంశధార నీళ్ల కోసం ట్రిబ్యునల్ వేయవలసి వచ్చింది, దాని తీర్పు 2017లో వచ్చింది. నీళ్లకు న్యాయమూర్తులు దొరికారు. బిల్లు పుస్తకాలకు, రోజుకూలీలకు అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. రెండు జోనల్ మండళ్లు ఉమ్మడిగా సమావేశం కావడానికి ఆ చట్టమే వీలు కల్పించింది. ఆ వీలును వాడి, ఒడిశా, ఆంధ్ర సరిహద్దు జిల్లాల కలెక్టర్లు, పన్నుల అధికారులు, కార్మిక శాఖవారు, రెండు వైపుల వర్తక, పరిశ్రమల ప్రతినిధులు, వారితోపాటు తప్పనిసరిగా కార్మికుల ప్రతినిధులు ఉండే స్థాయీ సంఘాన్ని నియమించాలని మా కోరిక. కార్మికులను ఎందుకు చేర్చానంటే, వాళ్లు లేని గదిలో వాళ్ల ఉపాధి గురించి యజమానులం మాత్రమే మాట్లాడితే అది సగం మాటే అవుతుంది.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం గుణుపురం నుంచి థేరుబళికి 73 కిలోమీటర్లకు పైగా కొత్త రైలు మార్గాన్ని ఆమోదించింది. అది పూర్తయితే మా చిన్న లైను రాయగడ వైపు ప్రధాన మార్గానికి కలుస్తుంది, రేకు మాకు దగ్గర దారిలో వస్తుంది, మా సరుకు దూరం పోతుంది. రైలు వచ్చేనాటికి సరుకు చట్టబద్ధంగా పక్క ఊరికైనా పోగలగాలి కదా అన్నదే మా ఆరాటం.

ఈ విషయాలతో మా పట్టణ వర్తకులం తెలుగులోనూ, ఒడియాలోనూ వినతిపత్రం తయారుచేశాం. పాతపట్నం నుంచి కూడా కొందరు సంతకాలు చేశారు. ఒకే కాగితాన్ని భువనేశ్వర్‌కు, అమరావతికి ఒకే రోజున పంపుతున్నాం. సమావేశం పర్లాకిమిడిలో పెట్టినా, పాతపట్నంలో పెట్టినా మాకు సమ్మతమే. బిల్లు పుస్తకాలు, హాజరు పట్టీలు తీసుకుని వస్తాం. ఆ వెల్డరు కూడా వస్తానన్నాడు.

భవదీయుడు,
ఇనుప సామాను తయారీదారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా